పోస్టు గ్లెనిస్ మోకాళ్ళు

మా లోయలో ఇంటిపేర్లతో పని జరగదు. వీధికి నలుగురు జోన్సులు, ముగ్గురు డేవిస్‌లు ఉంటే ఎవరిని ఏమని పిలవాలి? అందుకే వేల్స్‌లో చేసే పనే ఇంటిపేరు. నేను కత్తెర నెస్టాని. నలభై ఏళ్ళు ఈ ఊరి ఆడవాళ్ళ జుట్టు కత్తిరించాను, వాళ్ళ కబుర్లన్నీ విన్నాను. రొట్టెలు కాల్చిన ఇద్రిస్ రొట్టె ఇద్రిస్. ఉత్తరాలు పంచిన గ్లెనిస్ పోస్టు గ్లెనిస్. పని మానేసి పదేళ్ళయినా పేరు మాత్రం మానలేదు.

మా ఊళ్ళో గోళీ కింద పెడితే నిలవదు, అంత ఏటవాలు. ముప్ఫై నాలుగేళ్ళు భుజాన సంచీ వేసుకుని గ్లెనిస్ ఆ కొండ ఎక్కింది, దిగింది. మంచు పడినా, వాన దంచినా ఒక్క ఉత్తరం ఆగలేదు. డెబ్భై ఒకటో ఏట కూడా అంగడి నుంచి రెండు చేతులా సంచులతో నడిచే పైకి వెళ్ళేది. బస్సు డ్రైవరు ఆపి పిలిస్తే, "నువ్వు పద నాయనా, నీకంటే ముందే పైన ఉంటా" అనేది. కొందరికి నగల మీద గర్వం, కొందరికి పిల్లల మీద గర్వం. ఆమెకి కాళ్ళ మీద.

ఆమె భర్త ఎమ్లిన్ సంగతి వేరు. పదిహేనో ఏట గనిలోకి దిగి ఇరవై ఏళ్ళు పనిచేశాడు. గని మూతపడింది గానీ ఆ బొగ్గు దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పది గజాలు ఎత్తు ఎక్కితే ఆయాసం. ఆ మాట మాత్రం చచ్చినా ఒప్పుకోడు. ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ ఆగి ఎవరి పెరట్లోనో గులాబీలని మెచ్చుకుంటాడు. జనవరిలో ఒట్టి ముళ్ళకొమ్మల్ని కూడా మెచ్చుకున్నాడు. మేమూ ఆగి "అవునవును, ఎంత బాగున్నాయో" అంటాం. ఊరంతా అంతే.

పోయినేడు మా నలుగురు స్నేహితులకీ, అంటే నాకూ, ఇద్రిస్‌కీ, ఈ మొగుడూ పెళ్ళాలకీ, యూరప్ పిచ్చి పట్టింది. ఉన్నది పెన్షను, వెళ్ళేది నవంబరులో పది రోజులు. ఎక్కడికన్నదే తగువు. ఒక మంగళవారం మా ఇంట్లో టీ పెట్టి, పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి, ఇవాళ తేలాల్సిందే అన్నాను.

"తేలేదేముంది? పోర్చుగల్!" అన్నాడు ఇద్రిస్. "నవంబరులో కూడా ఎండ కాస్తుంది. సీజను కాదు కాబట్టి గదులు సగం ధరకే ఇస్తారు. బొగ్గుల మీద కాల్చిన చేపలు, తియ్యటి ద్రాక్షసారా. ఇంకేం కావాలి మీకు?"

నా మనసు బాల్టిక్ తీరం మీద ఉండేది. నవంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే చీకటి పడుతుందని ఇద్రిస్ నా నోరు మూయించాడు. దాంతో నేనూ ఎండ వైపే మొగ్గాను. హంగరీ కాగితాలు బల్ల చివర పడి ఉన్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఎమ్లిన్ పోర్చుగల్ బొమ్మల పుస్తకం తెరిచి చూశాడు. ఊరంతా మెట్లు, మెట్ల మీద ఇళ్ళు. మూసి పక్కన పెట్టాడు.

"మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నా పావురాల్ని ఎవరు చూస్తారు?"

పావురాల్ని పక్కింటివాళ్ళు చూస్తారని అక్కడ అందరికీ తెలుసు. నేను కెటిల్ నింపుకొద్దామని వంటింట్లోకి వెళ్ళాను.

గ్లెనిస్ ఆ పుస్తకం, హంగరీ కాగితాలు పట్టుకుని నా వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకు లాగింది.

"ఇటు చూడవే నెస్టా. ఈ పోర్చుగల్ బొమ్మలో పోస్టువాడు బండి కింద వదిలేసి సంచీతో మెట్లెక్కుతున్నాడు. ఇదేమో హంగరీలో సెగెడ్ అనే ఊరు. ఇక్కడ పోస్టు పిల్ల ఎలా వెళ్తోందో చూడు."

"సైకిలు మీద. అయితే?"

"అయితే ఏంటే! పోస్టు మనిషి సైకిలెక్కిందంటే ఆ ఊళ్ళో ఎత్తు లేనట్టే. మన కొండ మీద ఏ పోస్టువాడైనా సైకిలెక్కడం చూశావా?"

జనం గుళ్ళు, గోపురాలు చూసి ఊరు ఎంచుకుంటారు. మా గ్లెనిస్ పోస్టు సైకిలుని చూసి ఎంచుకుంది.

"మరి ఆ మాటే చెప్పు వాళ్ళకి. ఎమ్లిన్ కోసమను."

"అన్నానంటే ఆయన అసలు రాడు. తన వల్ల మీ సరదా పోయిందంటాడు."

గబగబా ముందుగదిలోకి వెళ్ళి కూర్చుంది. కప్పు కింద పెట్టింది.

"నేను పోర్చుగల్ రాలేను. నా మోకాళ్ళు పోయాయి."

కెటిల్‌తో వెనకే వచ్చిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ పొద్దున్నే బంగాళాదుంపల మూటతో కొండెక్కడం నా కళ్ళతో చూశాను. ఇద్రిస్ పకపకా నవ్వాడు.

"నీకా? మోకాళ్ళా? ఎవరికి చెప్తున్నావమ్మా!"

"ఏం, నావేమన్నా ఇనుముతో చేసినవా? మెట్లంటేనే భయమేస్తోంది. ఇన్నాళ్ళూ చెప్పుకోవడానికి సిగ్గేసింది."

ఆమె ముఖం ఎర్రబడింది. ఆ సిగ్గు మాత్రం అబద్ధం కాదు. ఇద్రిస్ బుర్ర రొట్టెపిండి లాంటిది, నెమ్మదిగా పొంగుతుంది గానీ పొంగుతుంది. ఆమెని చూశాడు, ఎమ్లిన్‌ని చూశాడు.

"అయితే హంగరీయే," అన్నాడు. "అక్కడ వేడినీటి బుగ్గలున్నాయట, మోకాళ్ళకి మంచిది. తిండి కూడా చవకట."

ఎమ్లిన్ భార్య వంకే చూస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఎత్తుకుంటావా?"

"సంచీ అయినా పట్టుకుంటాను కదా! ఈ కాళ్ళతో ఒక్కదానివే ఎలా వెళ్తావు? నేనూ వస్తున్నా."

పావురాల ఊసే లేదు.

సాయంత్రానికి ఊరంతా పాకింది, పాపం పోస్టు గ్లెనిస్ మోకాళ్ళు పోయాయట అని. అబద్ధం ఆడినంత తేలిక కాదు దాన్ని మొయ్యడం. ఆ శుక్రవారం గ్లెనిస్ బస్సు కోసం నిలబడింది. డ్రైవరు దిగివచ్చి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. వెనకే ఉన్న నాకు ఏడుపు ఆగలేదు. ఈ మనిషి నా స్నేహితురాలని ఆ బస్సులో అందరికీ అరిచి చెప్పాలనిపించింది, చెప్పడానికే లేదు.

సెగెడ్ మా పెనమంత చదునుగా ఉంది. ఇద్రిస్‌కి కాల్చిన చేపలు పోతే పోయాయి, ఎర్రటి చేపల పులుసు దొరికింది. మూడు పూటలూ అదే తిన్నాడు. రెండో రోజు పొద్దున టీసా నది గట్టున నడకకి బయలుదేరాం. ఎమ్లిన్ రెండు సంచులూ తనే వేసుకున్నాడు. నెమ్మదిగా నడిచాడు, కానీ వంతెన దాకా ఎక్కడా ఆగలేదు. మా అందరినీ దాటి పోగలిగిన గ్లెనిస్ రెయిలింగు పట్టుకుని అందరికంటే వెనక వస్తోంది.

ఎమ్లిన్ తిరిగి చూశాడు.

"ఒరేయ్ ఇద్రిస్, ఏంట్రా ఆ పరుగు? ఆగండి. మా ఆవిడ వెనకబడింది."

ఆగాం. పదిహేనేళ్ళుగా ఊరంతా అతని కోసం ఆగుతూ వచ్చింది. ఆ రోజు అతను ఛాతీ విరుచుకుని, చెయ్యి చాపి, ఆమె కోసం నిలబడ్డాడు.

"తొందరేం లేదు, మెల్లగా రా," అన్నాడు.

ఆమె మెల్లగానే వచ్చింది.