రింగుల జుట్టు

హిందూపురం నుంచి ధర్మవరానికి బస్సులో వెళ్తుంటే, పెనుకొండ దాటాక గాలికి నా తలమీది కొంగు జారింది. పక్కసీటులోని పట్టుచీరలు నేసే ఇంటావిడ నా పొట్టి జుట్టు చూసి నవ్వింది.

“క్యాన్సరా పాపా? నాకూ ఇట్లే రింగులు తిరిగి మొలిచె. కొత్త పెండ్లామొచ్చిందని మా ఆయప్ప మురిసిపాయె.”

నాకు జబ్బు తగ్గి ఆర్నెల్లయింది. అయినా నా కూతురు నిద్రపోయాక రోజూ ఏడుస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

“గడ్డ పాయె గానీ, మగ్గానికి పట్టు కండెలు చుట్టను మనసే రాలేదు. ఊరికే ఏడుపు. బతికినందుకు ఏడుస్తాండావా అని మా అత్త తిట్టె. డాక్టరుకు చెప్తే ఇదీ జబ్బేనని మాత్రలిచ్చె,” అంటూ ఆమె అందరి ముందే ఒకటి మింగి నీళ్ళు తాగింది. “నీ కండ్లూ ఏడ్చినట్లే ఉబ్బిండాయి. నువ్వు డాక్టరుకు చెప్పినావా?”

నేను జారిన కొంగు మళ్ళీ తలమీదికి లాక్కున్నాను.

తర్వాతి పరీక్షలో డాక్టరుగారు అంతా బాగుంది, వెళ్ళిరమ్మన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

“ఇంకొకటుంది సార్,” అన్నాను.