పది కొడితే పదమూడు

ఆ రోజుల్లో మద్రాసులో నాకు రెండు పనులు. వారమంతా సి భాషలో ప్రోగ్రాములు రాయడం, ఆదివారం హేతువాద సభల్లో నిలబడి “రుజువేది?” అని గద్దించడం. పేరు వచ్చింది రెండో పనివల్లే.

రాయపురంలో ఒక కంటివైద్య సంస్థ బడిపిల్లల జాబితా తయారు చేయిస్తోంది. పేరు, వయసు, అద్దాల నంబరు. ప్రోగ్రాం నాది. మా ఆఫీసు యునిక్స్ యంత్రం మీద రాసి అక్కడే పరీక్షించాను, ఒక్క తప్పూ రాలేదు. సంస్థలో ఉన్నది మాత్రం వేరే రకం, డాస్ కంప్యూటర్. వివరాలు వాళ్లు అందులో ఎక్కించి ఫ్లాపీలో పంపితే మేం మా యంత్రంలో అచ్చుతీయాలి. తీస్తే పేర్లు ముక్కలయ్యాయి, వయసు గడుల్లో పిచ్చి గుర్తులు పడ్డాయి.

ఎక్కించేది వ్యాసర్పాడి నుంచి వచ్చే ఒకావిడ. శుక్రవారం శుక్రవారం కంప్యూటర్‌కు కుంకుమబొట్టు పెట్టేది. అచ్చుతీసిన కాగితాలతో సంస్థకు వెళ్లిన నాకు ఆ బొట్టు చూడగానే తీర్పు అయిపోయింది.

“ఈడ చూడండి సార్. పదేండ్ల బిడ్డ వచ్చినచోటల్లా పదమూడు పడతా ఉండాది. ఆడినించి కిందంతా ఒక గడి జరిగిపోతా ఉండాది,” అంటూ ఆమె పెన్సిలుతో సున్నాలు చుట్టిన కాగితం చాపింది.

“పదమూడంటే దొరలకు భయం. అదీ నీకు అంటుకుందా తల్లీ? ఇంకో బొట్టు పెట్టు, సర్దుకుంటుంది.”

గదిలో అందరూ నవ్వారు.

“బొట్టు సంగతి నేను చూసుకుంటాలే సార్. మీరు కాగితం చూడండి.”

చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాను. తప్పు ఆపరేటర్ అజాగ్రత్త వల్లేనని సంస్థకు రాసిచ్చాను. వారం తిరక్కుండా ఆమెను పనిలోంచి తీసేశారు.

కొత్తగా వచ్చినతను బొట్టు పెట్టలేదు. తప్పులు అలాగే వచ్చాయి. అప్పుడు కాగితం విప్పాను. ప్రతి సున్నా ఒక పదేళ్ల బిడ్డ పక్కనే ఉంది. పంక్తి ముగిసిందని కంప్యూటర్‌కు చెప్పే సంకేత సంఖ్య కూడా పదే. డాస్‌లో ఫైలును టెక్స్ట్ పద్ధతిలో తెరిస్తే, రాసే ప్రతి పదినీ పంక్తి ముగింపు అనుకుని దాని ముందు పదమూడును తగిలిస్తుంది. యునిక్స్ తగిలించదు, తగిలించినదాన్ని తీసెయ్యదు. ఫైలును బైనరీగా, అంటే ఉన్నదున్నట్టు రాసేలా, తెరవమని చెప్పే ‘బి’ అనే ఒక్క అక్షరం నేను రాయలేదు.

ఆ అక్షరం చేర్చాను. ఏమైందని కొత్తతను అడిగితే “యంత్రాల తేడా” అన్నాను. సంస్థకు రాసిన ఉత్తరం జోలికి మాత్రం పోలేదు. ఆమె ఇంటి దారి కనుక్కోవడం కష్టమేమీ కాదు, కనుక్కోలేదు.

ఆ ఆదివారం కూడా సభలో “రుజువేది?” అని అడిగాను. చప్పట్లు కొట్టారు. కాగితం జేబులోనే ఉంది.