నోలీన్ రేంజ్‌ఫైండర్ కొన్న ఏడాది

కంటి శుక్లాల ఆపరేషన్ అయ్యాక వారం రోజులూ నోలీన్ క్రోథర్స్ కనబడ్డదాన్నల్లా మెచ్చుకుంటూ తిరిగింది. గొర్రెలు ఇంత తెల్లగా ఉంటాయా అంది. మా ఇంటి తలుపు ఆకుపచ్చదనుకున్నానే, నీలమా అంది. మొగుడు ఐవర్ మొహంలో మొహం పెట్టి చూసి, "ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చాయయ్యా నీకు? ఒక్క మాట చెప్పొద్దూ!" అంది.

"నీకు కనబడని రోజుల్లో దొంగచాటుగా వచ్చేశాయి," అన్నాడు ఐవర్.

నేను వాళ్ల పక్క పొలం దాన్ని. నోలీన్ మా లిల్‌బర్న్ లోయలో స్కూలు బస్సు నడుపుతుంది. మిగతా టైములో వేటాడుతుంది. తుపాకీ పట్టడం వాళ్ల నాన్నే నేర్పాడు. దుప్పి మాంసం లేని రోజు వాళ్ల ఫ్రీజర్‌కి లేదు. ఆవిడ పంపే కూర తినని ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. ఒకటే పట్టుదల ఆవిడకి. ఒక్క దెబ్బకి పడుతుందని నమ్మకం ఉంటేనే పేల్చాలి. గాయపడ్డ జంతువు పొదల్లోకి పోయి రోజుల తరబడి చచ్చే చావు మన మెడకి చుట్టుకుంటుంది అనేది.

అయితే కొత్త కళ్లు వచ్చాక ఒక చిక్కొచ్చింది. ఏళ్ల తరబడి మసక చూపుతోనే ఆవిడ దూరాలు అంచనా కట్టుకుంది. ఇంత మసగ్గా ఉంటే ఇంత దూరం అని లెక్క. ఇప్పుడేమో అవతలి కొండ మీద గడ్డిపోచ కూడా ముక్కు ముందున్నట్టే ఉంది. వేసవిలో రెండుసార్లు పేల్చింది. రెండుసార్లూ గుండు దుప్పి కాళ్ల కింద మట్టిలోకి దిగింది. దుప్పులకి ఏమీ కాలేదు, తోకలెత్తి పోయాయి. ఆవిడ మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

పబ్బులో వాటీ హో అనే మనిషి ఊరుకుంటాడా? కోతమిల్లులో పనిచేస్తాడు, నోలీన్‌తో చిన్నప్పణ్ణుంచీ వేటకి తిరిగినవాడు. "ఏం నోలీనూ, ఈమధ్య దుప్పులకి కాళ్లకింద బంగాళాదుంపలు నాటుతున్నావట?"

"నీ నోట్లో నాటుతా, మూసుకో," అంది నోలీన్. కానీ ఇంటికొచ్చి నాతో, "రేంజ్‌ఫైండర్ కొనాలే. శనివారం నాతో ఇన్వర్‌కార్గిల్ టౌనుకి వస్తావా?" అంది.

అది అరచేతిలో పట్టే దుర్భిణి లాంటిది. అందులోంచి చూసి మీట నొక్కితే కిరణం పోయి, తగిలిన చోటునుంచి వెనక్కొచ్చి, ఎన్ని మీటర్లో అంకె చూపిస్తుంది.

ఆ శనివారం సన్నగా చినుకు పడుతోంది. తుపాకుల దుకాణంలో డెర్మట్ అనే కుర్రాడు మమ్మల్ని చూడగానే అన్నిటికన్నా పెద్దది తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది రెండువేల మీటర్లు చూస్తుందమ్మా. గాలి, చలి, అన్నీ లెక్కగట్టి ఫోనుకి పంపిస్తుంది."

"వానొచ్చేదీ చలి పెరిగేదీ చెప్పడానికి మా ఇంట్లో ఐవర్ మోకాలుంది నాయనా. నేను రెండొందల యాభై దాటితే పేల్చను. మిగతా పదిహేడు వందల యాభై మీటర్లు ఏం చేసుకోను, ఆస్ట్రేలియా చూడనా?" ధర చీటీ తిప్పి చూసి, "దీనికి మంచి పొట్టేలొస్తుంది. అది మందలో పిల్లల్ని కూడా పుట్టిస్తుంది," అంది.

డెర్మట్ నవ్వేసి అన్నిటికన్నా చవకది తీశాడు. పెట్టె మీద వెయ్యి మీటర్లని రాసుంది. నోలీన్ దాన్ని పట్టుకుని తిన్నగా వానలోకి నడిచింది. వెనకాల నేను, నా వెనక ఇంకో రెండు రేంజ్‌ఫైండర్లు పట్టుకుని డెర్మట్. వీధి చివర తెల్లటి ట్యాంకుకి గురిపెడితే ఠక్కున అంకె వచ్చింది.

"చూశారా!" అన్నాడు డెర్మట్.

"ట్యాంకు తళతళా మెరుస్తోంది, దానికేం. దుప్పి నాకోసం తళుకులు కట్టుకుని నిలబడుతుందా?" అంటూ, రైలుపట్టాల అవతల తడిసి నల్లబడ్డ కంచెపొద మీదికి తిప్పింది. నొక్కింది. అంకె బదులు గీతలే వచ్చాయి. మళ్లీ నొక్కింది. పద్నాలుగంది.

"అది చినుకులు కొలుస్తోందమ్మా," అని ఒప్పుకున్నాడు డెర్మట్. పైగా అంకెలు నల్లవి. నల్లపొద మీద నల్ల అంకె ఎవరికి కనిపిస్తుంది? దుప్పి బయటికొచ్చేదే పొద్దుగూకే వేళ. ఇంకా చూస్తే అది గజాల్లో చూపిస్తోంది. జెండా పాతిన గుంటకి దూరం చూసుకునే గోల్ఫ్ వాళ్ల కోసం చేసిందట. "సరే, నా దుప్పి జెండా పట్టుకొస్తే అప్పుడు దీన్ని కొంటాలే," అని తిరిగిచ్చేసింది.

మూడోది పోయినేటి రకం. అద్దాల బీరువాలో పెట్టి చూపించినది, పెట్టె కూడా పోయింది, అందుకని ధర బాగా తగ్గించారు. నోలీన్ ఉన్ని చేతితొడుగు వేసుకుని మీట నొక్కి చూసింది. ఒంటిచేత్తో పట్టి చూసింది. అదే తడిపొద మీదికి గురిపెడితే ఎర్రటి అంకెలు వచ్చాయి. నాలుగుసార్లు నొక్కితే నాలుగుసార్లూ ఒకటే అంకె. ఏటవాలుగా కిందికో పైకో పేల్చాల్సొస్తే ఎంత దూరంగా లెక్కేసుకోవాలో అదీ చూపిస్తుంది. మా కొండల్లో అది లేకపోతే కష్టం.

"పెట్టె నాకెందుకు? పెట్టెతో వేటాడతానా?" అని కొనేసింది. ఇంటిదాకా దారిలో ప్రతి గొర్రెకీ దూరం చెబుతూనే ఉంది. బండి నేనే నడిపాను కాబట్టి బతికిపోయాం.

ఆ తరవాత జరిగింది మాత్రం ఎవరూ అనుకోలేదు. వాటీకి నలభైయేళ్లుగా చెప్పుకునే గొప్ప ఒకటుంది. వాగు ఇవతలి బండ మీంచి అవతలి రాతిపలక దగ్గరున్న దుప్పిని నాలుగొందల మీటర్ల నుంచి కొట్టానని. ఆదివారం నోలీన్ అతన్ని ఆ బండ మీదికి తీసుకెళ్లింది. సరదా చూద్దామని ఒక డజనుమంది వెనక పడ్డాం.

"నూట తొంభై ఎనిమిది," అంది నోలీన్.

వాటీ లాక్కుని తనే చూశాడు. చాలాసేపు చూశాడు. "భూకంపాలొచ్చాయి కదా," అన్నాడు చివరికి. "కొండ ఇటు జరిగింది."

నవ్వి నవ్వి నేను గడ్డిలో కూలబడ్డాను. అంతే, ఇక ఊళ్లో ప్రతివాడి గొప్పా కొలతకొచ్చింది. ఐదొందలు మూడొందలైంది. మూడున్నర వందలు నూట అరవై అయింది. కొందరైతే ఏ కొండో మరిచిపోయామని తప్పించుకున్నారు.

ఆ సందడిలోనే ఎవరో ఐవర్‌ని అడిగారు, ఊరి హాల్లో గోడమీద వేలాడే కొమ్ములు నువ్వు కొట్టిన దుప్పివే కదా, అదెంత దూరమని. ఐవర్ మాటలు తక్కువ మనిషి. మోకాలు పాడయ్యాక ఆరేళ్లుగా కొండెక్కలేదు. "ఏమో, రెండొందలుంటుందేమో. అదృష్టం కొద్దీ తగిలింది," అన్నాడు. ఎప్పుడూ అంతే అనేవాడు. మేమూ అంతే అనుకున్నాం.

అది రోడ్డు పక్క గట్టు మీంచి కొట్టిన దెబ్బే, ఐవర్ కొండెక్కక్కర్లేదు. నోలీన్ అక్కడ నిలబడి, ఐవర్ వేలు పెట్టి చూపించిన ఒంటరి చెట్టు మొదలుకి గురిపెట్టింది. నొక్కింది. దించి, అద్దం తుడిచి, మళ్లీ నొక్కింది.

"మూడొందల ముప్ఫై ఒకటి," అంది.

వాటీయే టోపీ తీసి గాల్లోకి విసిరాడు. "ఒరే ముసలోడా! ఇన్నాళ్లూ మా కోతలన్నీ విని మాట్లాడకుండా కూచున్నావురా!" అంటూ వీపు మీద బాదాడు. ఐవర్ చెవులదాకా ఎర్రబడ్డాడు. నోలీన్ ఆయన్ని చూసిన చూపు, ఆపరేషన్ అయిన రోజు చూసినదానికన్నా వింతగా ఉంది.

మాకు ఆకురాలే కాలం, ఏప్రిల్‌లో జతకట్టే వేళకి మగదుప్పులు రంకెలు మొదలెట్టాయి. నేనూ నోలీనూ తెల్లవారాక కొండెక్కాం. అంచు దాటగానే ఎదుటి వాలు మీద, ఒళ్లంతా బురద పూసుకుని, మెడ చాచి రంకెలేస్తోంది ఒకటి.

"ఎంతుంటుందంటావ్?" అని గుసగుసగా అడిగాను.

"రెండొందలు. అంతకన్నా ఒక్క అడుగు ఎక్కువుండదు," అని రేంజ్‌ఫైండర్ కంటికి పెట్టుకుంది. పెట్టుకుని నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. "మూడొందల పన్నెండు!"

తుపాకీ భుజానేసుకుని బోర్లా పాకడం మొదలెట్టింది. వాగులో దిగాం. ముళ్లపొదల్లోంచి పోయాం. అరవై దాటిన మనిషి గడ్డిలో పాములా పోతుంటే వెనకాల నాకు ఆయాసం. రంకె వినబడిన ప్రతిసారీ ఆగి, గాలి చూసుకుని, మళ్లీ పాకింది. ఒక బండ చాటున ఆగి నొక్కింది. నాకు చూపించింది. నూట నలభై ఆరు. రెండుసార్లు ఊపిరి వదిలింది. ఒక్కటే దెబ్బ. దుప్పి నిలబడ్డచోటే కూలింది, కాలు కూడా కొట్టుకోలేదు.

దాని మెడమీద చెయ్యి వేసి కాసేపు కూచుంది నోలీన్. తరవాత లేచి, మోకాళ్లదాకా బురదతో, ఆ వాలు మీదే రెండు గంతులేసింది. నేనూ వేశాను.

మాంసం కోసి సంచులకెత్తుతుంటే కిందనుంచి రాళ్లు జారుతున్న చప్పుడైంది. చూస్తే ఐవర్. చేతికర్రతో, సగం కొండదాకా ఎక్కొచ్చాడు. తుపాకీ చప్పుడు విని ఆగలేకపోయాడట.

"మోకాలు విరగ్గొట్టుకుంటావా ఏమయ్యా? నిన్నెవడు రమ్మన్నాడు!" అని అరిచింది నోలీన్, అరుస్తూనే కిందికి పరుగెత్తింది.

"మోకాలిది కూడా అదే మాట," అన్నాడు ఐవర్, రొప్పుతూ. "నేనే వినలేదు." సంచిలోంచి ఫ్లాస్కూ, కాగితంలో చుట్టిన, వెన్న రాసి కాల్చిన చీజ్ రోల్సూ తీశాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ముగ్గురం ఎండపడ్డ గడ్డిలో కూచుని, వేళ్ల మీదికి కారిన వెన్న కూడా నాకేశాం.