ఎరకు పోయిన మా గంప

మా పెద్దమ్మ వీరమ్మ అరచేతులు కాయలు కాసి ఉంటాయి. వేటపాలెం అవతల మా ఒడ్డున, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె వల తాడు లాగుతోంది.

మగవాళ్ళు పడవలో వెళ్ళి వల వేసి వస్తే, దాని తాళ్ళు పట్టుకుని ఒడ్డు మీద అందరం లాగుతాం. ఆడవాళ్ళకు కూలి లేదు. వలలో పడ్డ కవళ్ళలో ఒక గంప మాది, అదే ఆచారం. కవళ్ళు చిన్న చేపలు, గుంపులు గుంపులుగా వస్తాయి. పెద్దమ్మ వాటిని ఎండబెట్టి పర్చూరు వైపు మిరప చేలకు మోసుకెళ్ళేది. కోతకు వచ్చిన వాళ్ళు గుప్పెడు ఎండుచేపలు తీసుకుని దోసెడు మిరపకాయలు పోసేవాళ్ళు. ఏడాదంతా మా ఇంట్లో కారం అదే.

ఎనభై మూడులో వల కామందు యలమందయ్య ఇంజను పడవ కొన్నాడు. లోతు నీళ్ళలో గాలాలు వేసి వంజరాలనే పెద్ద చేపలు పట్టి, ఐసులో పెట్టి మద్రాసు పంపేవాడు. వంజరానికి ఎర కవళ్ళే. ఒకరోజు మా గంప కూడా ఎత్తి ఆ పడవలో పెట్టించాడు.

“మా గంపేదిరా?” అంది పెద్దమ్మ.

“ఎరకి చాల్లేదత్తా. నీకు పెడితే నాకేమొచ్చుద్ది? వంజరానికి పెడితే వంజరమొచ్చుద్ది!”

మగవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఏడో తరగతిలో బడి మాన్పించినప్పటి నుంచి నేనూ ఆ తాడు లాగుతున్నాను. నాకు నోరు లేదు. కానీ ఆ నవ్వుకు ఒళ్ళు మండిపోయింది. మా నోటి దగ్గరిది చేపకు పెట్టడమే కాక, నవ్వు కూడానా?

పెద్దమ్మ రెండో వలకు మళ్ళీ తాడు పట్టింది. దిగమింగిందనుకున్నాను. వల బరువెక్కి అలల్లోకి వచ్చాక, “వదలండే!” అని అరిచింది. ఆడవాళ్ళందరం వదిలేశాం. మగవాళ్ళు మడమలు ఇసకలో తన్నిపట్టినా తాడు సముద్రంలోకి జారిపోతోంది.

“పట్టండే! వల పోద్ది!” యలమందయ్య కేకలు.

“నీ వంజరాల్ని పిలు, వచ్చి లాగుతాయి.”

అతను పళ్ళు కొరుకుతూ పడవలోంచి గంప తెచ్చి, చేపలన్నీ ఇసకలో కుమ్మరించాడు. “ఇదిగో, తిను!”

పెద్దమ్మ కదల్లేదు. “కడిగి గంపలో పెట్టు.”

అందరూ చూస్తుండగా ఆ కామందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇసక అంటిన కవళ్ళను గంపలోకి ఎత్తి నీళ్ళలో జాడించాడు. గంప ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చాకే మేం తాడు అందుకున్నాం.

మాది మాకివ్వడానికి వల పోయేదాకా రావాలా? ఆ తర్వాత పెద్దమ్మ, ఖాళీ గంప పడవలో కాకుండా తన పక్కన ఉంటేనే తాడు ముట్టేది.