నా క్లాంపుకు పెట్టిన స్ప్రింగు

ఆ రోజుల్లో నా చేతులకు తెలిసినంత నా తలకు తెలిసేది కాదు. మూడో తరగతితో బడి మానేసి (బడే నన్ను మానేసిందనుకోండి) పుంగనూరులో కొలిమి పెట్టుకున్నాను. దొరల పాలన ఇంకా పోలేదు. వడ్రంగులు చెక్కలు అతికేటప్పుడు కదలకుండా బిగించి పట్టే క్లాంపు ఒకటి సొంతంగా చేశాను. రెండు దవడలు, ఒక మర, అంతే. సోమల దాకా దానికి పేరొచ్చింది. ఆ పేరే కొంప ముంచింది. మద్రాసు కంపెనీ ఒకటి ఇంగ్లీషులో ఉత్తరం పంపింది. దాన్ని పట్టుకుని మదనపల్లె మిషన్ బడిలో ఉన్న మా పాత అయ్యవారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదువుతుంటే నేను గడపకూ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

“కుదురుగా కూసోరా, నాకు కండ్లు తిరగతాండాయి! వాళ్లకు పేటెంటు ఉండాదంట. నువ్వు చేసేది వాళ్లదేనంట. ఆపకపోతే కోర్టుకు లాగుతారంట.”

“కొలిమి మూసేయాల్నా అయివోరూ?”

“ఉండప్పా. క్లెయిమని ఈడ రాసుండారు సూడు, అదే వాళ్ల చేనికి గట్టు. కదలని దవడ, కదిలే దవడ, మర, మర వదిలితే దవడను ఎనక్కి తోసే స్ప్రింగు. నాలుగూ ఉంటేనే వాళ్లది. నీదానికి స్ప్రింగు ఉండాదా?”

“లేదు. చేత్తోనే లాగాల.”

“అయితే నువ్వు గట్టుకు ఈ పక్కనే ఉండావు. వాళ్ల మనిషి సూసేదానికి వస్తాడంట. ఉండేది ఉండేట్టు సూపీ, సాలు.”

అదే నా వల్ల కాలేదు. మూడు రోజులు అన్నం సహించలేదు. అంత పెద్దమనిషి కుప్పంలో రైలు దిగి, బస్సెక్కి వస్తుంటే, స్ప్రింగు కూడా లేని వస్తువు ఆయన ముందు పెట్టాలా? (అప్పట్లో నా బుర్ర అలా పనిచేసేది.) ఆయన వచ్చే రోజు పొద్దున్నే మంచి స్ప్రింగొకటి చుట్టి బిగించేశాను.

వచ్చినాయన మర వదిలాడు. దవడ టక్కున వెనక్కి పోయింది. “నాలుగూ ఉన్నాయే!” అన్నాడు. “మీదానికంటే నాదే బాగా తోస్తాది సామీ!” అన్నాను గర్వంగా. నాకు తోడుగా వచ్చిన అయ్యవారు తల పట్టుకున్నారు. ఆయన మొహం చూశాక గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే సోమల వడ్రంగి ఒకాయన తన క్లాంపు మర అరిగిందని తెచ్చాడు. కొత్తదాన్ని చూసి మండిపడ్డాడు. “ఏమప్పా! నాకేమో చేత్తో లాగి సచ్చేది ఇచ్చి, ఈ అయ్యకు స్ప్రింగుదా? నేనేం పాపం చేసినా?”

కంపెనీ ఆయన అతని క్లాంపు తీసుకుని తిప్పి చూశాడు. “ఇతను అమ్మినవన్నీ ఇట్లాంటివేనా?”

“అన్నీ ఇంతే! మా వడ్రంగుల అరిసేతులు సూడండి, కాయలు కాసుండాయి!”

ఆ తిట్టే నా కొలిమిని కాపాడింది. కంపెనీ ఆయన నవ్వాపుకోలేక, “ఆ స్ప్రింగు పీకేయవయ్యా, మళ్లీ పెట్టకు” అని బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ స్ప్రింగు ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు తీసి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని నొక్కుతాను. (నిజం చెప్పొద్దూ, వాళ్లదానికంటే బాగానే తోస్తుంది.)