రాజం బాబాయ్‌ని కాపాడబోయి

పుస్తకం నచ్చితే రచయితకు ఉత్తరం రాసేవాళ్లుంటారు, దండ వేసేవాళ్లుంటారు. నచ్చిన పాపానికి రచయిత ఉద్యోగానికే ఎసరు పెట్టిన పాఠకురాలిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. దాచుకోకుండా చెబుతాను. పడాల్సిన సిగ్గంతా అప్పుడే పడిపోయాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. హిందీ మాట్లాడే ఇనుప గనుల ఊరు బచేలిలో ఓ చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మా నాన్న గనిలో పని కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా బడి వ్యాను నడిపే రాజం గారిది భోపాల్‌పట్నం వైపు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయనకు మాటలు తక్కువ, హారన్ ఇంకా తక్కువ. అలాంటి మనిషి ఓ రోజు తన జీవితకథ రాసి, అచ్చు వేయించి, స్టాఫ్ రూమ్‌లో తలా ఒక కాపీ పెట్టి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి పూర్తయింది. తాగొచ్చి బెల్టుతో కొట్టే తండ్రి, చిన్నతనంలోనే అంటుకున్న ఇప్పసారా, లారీ క్లీనరుగా తిరిగిన ఊళ్లు, చివరికి పదకొండేళ్ల కిందట అన్నీ మానేసిన ఒక ఉదయం. ఏడ్చి ఏడ్చి నా మొహం నానబెట్టిన శనగగింజలా ఉబ్బింది. మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారే?" అంది.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఎవరి గొడవ వాళ్లది. "ఇంత తాగినవాడికి ఇన్ని ఊళ్ల పేర్లు ఎలా గుర్తున్నాయండీ?" అన్నారు లెక్కల మాస్టారు. "మన బడి గురించి ఒక్క ముక్క లేదు," అని ప్రిన్సిపాల్ నొచ్చుకున్నారు. తెలుగు రాని హిందీ మేడమ్ అట్ట మీది ఫొటో చూసి, "అచ్ఛా హై," అన్నారు.

సాయంత్రం వ్యాను మా వీధిలో ఆగింది. "ఎట్లుంది బిడ్డా, బుక్కు?" అన్నాడు బాబాయ్, అద్దంలోకి చూస్తూ.

నేను గద్గదంగా, "బాబాయ్, ఇక మీరు ఒంటరివారు కాదు. నేనున్నాను," అన్నాను.

ఆయన కాసేపు భయంగా చూసి, "ఏంది, బండి దిగవా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు కాపలా మొదలుపెట్టాను. తుమ్మితే వాసన చూసేదాన్ని. ఓ రోజు, "కళ్లెందుకు ఎర్రబడ్డాయి?" అని నిలదీశాను.

"ఇది బచేలి బిడ్డా. దుమ్ముకు ఈడ చెట్లే ఎర్రగుంటయి."

ఇలా సాగుతుండగా వచ్చింది సంత రోజు. ఓ ముసలామె దగ్గర బాబాయ్ పాత సారా సీసా ఒకటి తీసుకుని, మూత తీసి వాసన చూసి, కాగితంలో చుట్టి చంకలో పెట్టుకోవడం నా కళ్లారా చూశాను. గాలిలో ఇప్ప వాసన! ఇంకేముంది, టమాటా గంపలు దాటుకుంటూ దూకాను.

"బాబాయ్! పదకొండేళ్ల తపస్సు!"

"ఏంది బిడ్డా, ఏమైంది?"

సమాధానం చెప్పే ఓపిక నాకెక్కడిది? సీసా లాక్కుని రాయికేసి కొట్టాను. సంతంతా ఆగిపోయింది. రాయి మీద చిక్కటి పసుపుపచ్చ నూనె నింపాదిగా జారుతోంది.

"అరే మేడమ్! టోరా తేల్ థా!" అని నెత్తిన చేతులు పెట్టుకుంది ముసలామె. ఇప్పగింజల నూనె!

"మా అవ్వ మోకాళ్ల నొప్పులకు," అన్నాడు బాబాయ్. అంతే, ఒక్క మాట కూడా తిట్టలేదు. వంగి గాజు పెంకులు ఏరసాగాడు, ఎవరి కాలికైనా గుచ్చుకుంటాయని. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఇల్లు చేరేలోపే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చేసింది: వ్యాను డ్రైవరు సంతలో తాగి, సీసాలు పగలగొట్టాడట! ఒక సీసా అప్పటికే అనేకమైంది. మర్నాడు ఏ తల్లీ పిల్లల్ని వ్యాను ఎక్కించలేదు. "విచారణ అయ్యేదాకా బండి తియ్యొద్దు," అని ప్రిన్సిపాల్ తాళాలు అడిగారు. బాబాయ్ జేబులోంచి తీసి ఇచ్చేశాడు. ఆ తాళాలు చేతులు మారడం చూసి నేను గేటు వైపు పరుగెత్తాను.

గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడి ఉన్నారు. వ్యాను మెట్టెక్కి అరిచాను. "సీసా పగలగొట్టింది నేను! అందులో ఉన్నది నూనె! నిన్న సంతలో మత్తులో ఉన్నది నేనొక్కదాన్నే. అదీ పుస్తకం చదివి!"

"ఆయన తాగేవాడని ఆ పుస్తకంలోనే ఉందట కదా?" అన్నాడొకాయన.

"మానేశాడని కూడా ఉంది. చివరిదాకా చదవండి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనకనుంచి ఒకామె ముందుకొచ్చి, తన పాపను వ్యానులో కూర్చోబెట్టింది. "మా ఆయన ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని చదివాడు. సీసా ముట్టక మూడు వారాలైంది," అని మాత్రం అంది. ఆ వెనకే ఇంకొకరు, మరొకరు. ప్రిన్సిపాల్ తాళాలు తిరిగిచ్చారు.

ఆ సాయంత్రమే కొత్త నూనె పట్టుకుని, క్షమాపణ చెప్పడానికి బాబాయ్ ఇంటికి వెళ్లాను. మంచం మీద కూర్చున్న వాళ్లమ్మ, ఆయన అవ్వ అనేది ఈమెనే, నన్ను ఎగాదిగా చూసింది.

"సీసా పలగ్గొట్టిన పంతులమ్మవు నువ్వేనా? మంచిగైంది. మావోడు ఏదో బుక్కు రాసిండట, నాకు చదివి చెప్తలేడు. నువ్వు చదువు."

గుమ్మంలో బాబాయ్ మెడ రుద్దుకుంటున్నాడు. నేను చదవడం మొదలుపెట్టి, తండ్రి బెల్టు తీసే చోట ఆగాను.

"చదువు," అంది అవ్వ. "నేను అడ్డంబోయి తిన్న దెబ్బలు రాసిండా?"

"రాశాడు అవ్వా. రెండు పేజీలు."

అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను. బాబాయ్ బయటికి చూస్తున్నాడు. తర్వాతి పేజీ తిప్పాను. "పదిహేనో ఏట, మొట్టమొదటిసారి..."

"ఆగు!" అవ్వ ఒక్క ఉదుటున నిటారుగా కూర్చుంది. "పదిహేనా? పన్నెండు! నేను కుండల దాచుకున్నదే దొంగతనంగ తాగిండు!"

"అవ్వా, పంతులమ్మ ముంగట..."

"ఏందిరా? బుక్కుల అబద్ధం రాస్తవా?"

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకపై ఎవరి జీవితకథ చదివినా ఏడుస్తాను, ముక్కు చీదుకుంటాను, చేతులు కట్టుకుని కూర్చుంటాను. రచయితను సరిదిద్దే పని మాత్రం వాళ్ల అమ్మకే వదిలేస్తాను.