పావు తక్కువ మూడు గంటలు

హైదరాబాదు నుంచి గువాహటికి గాలిలో దాదాపు పదిహేడు వందల కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానంలో పావు తక్కువ మూడు గంటలు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇప్పటిదాకా విమానం మాత్రం ఎక్కలేదు.

నాచారంలో మాది మందుబిళ్లల మిషన్లు తయారుచేసే కంపెనీ. ఎక్కడైనా మా మిషన్ ఆగిపోతే ఎవరో ఒకరం స్పేర్ పార్టు పట్టుకుని వెళ్లి బిగించి రావాలి. నేనూ, నా జోడీ మెకానిక్కూ వంతులవారీగా వెళ్లేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు, అయినా పదకొండేళ్లుగా ‘బావా’ అంటే ‘బావా’ అనుకున్నాం. ఎండైనా వానైనా వంతు తప్పేది కాదు. అన్నీ రైలు ప్రయాణాలే. కిందటేడు గువాహటిలో మిషన్ ఆగింది. రైలుకైతే రెండు రోజులు దాటుతుంది, విమానంలో పంపుతామన్నారు. వంతు నాది.

ఉప్పల్‌లో మా గల్లీ అంతా టాంటాం చేశాను. మా ఆవిడ అప్పుడే సకినాలు డబ్బాలో సర్దింది. దూరం, టైము ఫోన్లో వెతికి మొట్టమొదట బావకే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే మేనేజర్ పిలిచాడు. “మీ బావనే పంపుతున్న. నీకు ఎత్తంటే కండ్లు తిరుగుతయంట గదా, ముందే చెప్పొద్దా?”

ఆ సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు. ఎప్పుడో మౌలాలి గుట్ట ఎక్కుతుంటే, జ్వరం నుంచి లేచిన ఒళ్లు కదా, సగం మెట్ల మీద కళ్లు తిరిగాయి. “కండ్లు మూసుకో బావా, నేనున్న” అంటూ చెయ్యి పట్టుకుని దించాడు. తెలిస్తే పనిలో పైకి ఎక్కనివ్వరు, ఎవరికీ చెప్పొద్దన్నాను. ఒట్టేశాడు. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

నిలదీస్తే నేల చూపులు చూశాడు. “ఒక్కసారి ఎక్కాల్నని ఉండె బావా. నీకు మల్ల రాదా ఏంది?”

అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. నా మంటంతా అదే. ఇంటికెళ్లి ఆ సకినాల డబ్బా ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది.

అతను వెళ్లిన రోజు మధ్యాహ్నం షెడ్డు పైకప్పు మీది ఫ్యాను తిరగడం లేదని మేనేజర్ నన్నే ఎక్కించాడు. విమానంలో తిరిగే కళ్లు రేకుల మీద తిరగవు కాబోలు! నట్టు విప్పుతుంటే ఫోన్ మోగింది. బావ.

“లోపట కూసున్న బావా. తలుపులు ఏస్తున్నరు. మస్తు భయమైతుంది. ఎంతసేపంటివి?”

“పావు తక్కువ మూడు గంటలు.”

కళ్లు మూసుకో, నేనున్నా అనే మాట నోటిదాకా వచ్చింది. అనకుండానే ఫోన్ పెట్టేశాను.